గంటలు విప్పే పూట

మూడో ప్రవచనం చదువుతున్నారు. అబ్రహాము కొడుకుని కట్టెల మీద పడుకోబెట్టి కత్తి ఎత్తే ఘట్టం. డిర్చేకి లాటిన్ ఒక్క ముక్క రాదు. అయినా బుద్ధెరిగినప్పటి నుంచి ఏటా ఈస్టరు ముందు శనివారం పొద్దున మోదెనా ఊరి పెద్ద గుడిలో ఈ స్తంభం పక్కనే కూర్చుంటోంది కాబట్టి, దేని తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇంకా తొమ్మిది ప్రవచనాలు. ఆ తర్వాత జ్ఞానస్నానపు తొట్టిలో నీళ్లు దీవించాలి, ఆ తర్వాత పునీతులందరినీ పేరు పేరునా పిలవాలి, అప్పుడు గాని పూజ మొదలు కాదు, పూజలో బిషప్‌గారు గ్లోరియా అనే స్తుతిపాట ఎత్తుకుంటే గాని గోపురంలో గంటల కట్లు విప్పరు. గురువారం నుంచి అవి నోరు మూసుకుని ఉన్నాయి. క్రీస్తు సమాధిలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో గంట చప్పుడు ఉండకూడదు, పూజ వేళ చెప్పడానికి కూడా చెక్క గిలకల టకటకే. మిగతా ఏళ్లలో అయితే ఈ పన్నెండూ ఎప్పుడవుతాయిరా దేవుడా అని ఆవలింతలు మింగుతూ కూర్చునేది, ఇంటికెళ్లి ఉపవాసం విడిచి ఒక సాసేజి ముక్క నోట్లో వేసుకోవడం ఎప్పుడా అని చూసేది. ఇవాళ మాత్రం మెల్లగా చదవండి స్వామీ, ఇంకొంచెం మెల్లగా, ఆ కత్తిని అలా గాల్లోనే ఉండనివ్వండి అని లోపల్లోపల బతిమాలుకుంటోంది. ఎందుకంటే ఒళ్లో కూర్చుని రొట్టె అంచు చప్పరిస్తున్న ఈ పద్నాలుగు నెలల లివియోకి చెవులు వినిపిస్తాయో లేదో, ఆ గంటలు మోగిన క్షణాన తేలిపోతుంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు ఎర్మెస్‌కి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు, మొన్న గురువారం పాపసంకీర్తనకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని జాలీ అవతల ఉన్న ఫాదర్‌కి కూడా చెప్పలేదు. పక్కింటావిడ మీద అసూయపడ్డానని చెప్పింది, ఒక ఉపవాసపు శుక్రవారం పొరపాటున మాంసం పులుసు రుచి చూశానని చెప్పింది, అసలుది మాత్రం పెదవి దాటలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. నవంబరులో పిల్లాడికి మెదడువాపు జ్వరం వచ్చింది. పందొమ్మిది రోజులు ఆస్పత్రి. వాడి మెడ కర్రలా బిగుసుకుపోయింది, కళ్లు తేలేశాడు, సముద్రం అవతల నుంచి వచ్చిన కొత్త మందేదో రోజూ పొడిచారు, ఆ చిన్న తొడల మీద పొడవడానికి చోటు మిగల్లేదు. చివరికి జ్వరం దిగింది. వాడు బతికి బట్టకట్టాడు, అదే పదివేలు అన్నాడు డాక్టరు, ఎర్మెస్ ఆయన్ని కౌగిలించుకుని తెల్లకోటు నిండా కన్నీళ్లూ ముక్కుచీమిడీ పులిమాడు. అందరూ నవ్వారు, డిర్చే కూడా నవ్వింది. ఆ తర్వాత వరండాలో బట్టల మూట చేతికిస్తూ ముసలి సిస్టరమ్మ ఒకావిడ అంది: "చెవుల మీద ఓ కన్నేసి ఉంచమ్మా. ఈ జబ్బు చేసిన పిల్లల్లో కొందరికి..." అంతలో ఎవరో పిలిస్తే ఆవిడ తెల్ల టోపీ ఊపుకుంటూ వెళ్లిపోయింది. మాట సగంలో ఆగిపోయింది. ఐదు నెలలుగా ఆ మిగతా సగాన్ని డిర్చే రోజుకొక రకంగా పూర్తి చేసుకుంటోంది.

ఇంకో ఇంట్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్లు. కానీ వీళ్ల ఇల్లు అలాంటిది. ఎర్మెస్ పగలు వడ్రంగి, పండగొస్తే గంటలు కొట్టేవాడు. ఈ ప్రాంతంలో గంటలు కింద నుంచి తాడు లాగి కొట్టరు. మనుషులు పైదాకా ఎక్కి, గంటలు వేలాడే దూలాల మధ్య నిలబడి, ఊగే కంచు పక్కనే భుజం పెట్టి తోస్తారు. పన్నెండేళ్లుగా తోస్తున్నాడు, చెవులు సగం పోయాయి. వాడి తండ్రికి మొత్తం పోయాయి, పోయిన ఏడాదే మనిషీ పోయాడు. నలభై ఏళ్లు ఆ మొగుడితో అరిచి అరిచి అత్త అర్జియాకి మామూలు గొంతు అనేదే లేకుండా పోయింది, ఇప్పుడు ఆవిడ చెవులు కూడా వయసుతో మందగించాయి. ఆ ఇంట్లో మాట్లాడుకోవడం ఉండదు, అరుచుకోవడమే. వాళ్లింట్లో ఉప్పు అడిగితే వీధి చివరి వాళ్లు తెచ్చిస్తారని ఊళ్లో జోకు. తలుపులు దబాలుమంటాయి, గిన్నెలు ఎత్తి పడేస్తారు, బల్ల మీద పిడికిలితో గుద్ది గాని రొట్టె అడగరు. అలాంటి ఇంట్లో పిల్లాడు దేనికి తిరిగి చూశాడు, దేనికి చూడలేదు అని ఎవరు లెక్కపెడతారు? వాడు నవ్వుతాడు, పాలు తాగుతాడు, అందరి మొహాల్లోకి కళ్లు పెద్దవి చేసి చూస్తాడు. ఎంత శ్రద్ధగా చూస్తాడో, ఈడు బిషప్ అవుతాడే అంటుంది అర్జియా. మాటలు రాకపోతే ఏం, మగపిల్లలకి ఆలస్యం, అంటుంది. వాళ్ల నాన్నకి ఇరవై నెలలు నిండితే గాని అమ్మా అనడం రాలేదు, అంటుంది.

నాలుగో ప్రవచనం అయింది. సముద్రం చీలి దారి ఇచ్చింది. అందరూ మోకాళ్లు వంచి లేచారు. అర్జియా లేస్తూ బెంచీ పట్టుకుని మూలిగి, కోడలి చెవి దగ్గరికి వంగి తన లెక్క ప్రకారం గుసగుసలాడింది.

"బూట్లు తెచ్చావా అమ్మాయ్?"

ముందు వరసల్లో నాలుగు తలలు వెనక్కి తిరిగాయి. డిర్చే సంచీలోంచి కొత్త బూట్ల జత చూపించింది. తెల్లవి, తాళ్లు కట్టుకునేవి. గంటలు విప్పినప్పుడు పిల్లాణ్ని నేల మీద నిలబెడితే మొదటి అడుగు వేస్తాడని ఇక్కడి ఆడవాళ్ల నమ్మకం. నడక ఆలస్యమైన పిల్లల్ని ఈ ఒక్క శనివారం కోసం దాచిపెడతారు. వేసినవాళ్లు వేస్తారు, వెయ్యనివాళ్ల సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

"మా ఎర్మెస్ ఈ గంటలకే నడిచాడు. బయట గుమ్మం దగ్గర ఆ రాతిసింహం నించి ఈ రాతిసింహం దాకా. ఈడూ నడుస్తాడు చూడు. వంశం అది!"

"ష్!" అన్నారు ఎవరో.

"నీ ష్ నువ్వే ఉంచుకో, నేనేం పాట పాడుతున్నానా?" అంది అర్జియా, గుడి రెండో చివరికి వినిపించేలా.

అందరూ కాళ్ల వంక చూస్తారు. డిర్చే చెవుల వంక చూడాలి. వాడి చెవులు ఎంత బావుంటాయో. కుడిది కొంచెం ముందుకి మడతపడి, వెలుగు అడ్డం పడితే లోపలి నరాలు ఎర్రగా కనిపిస్తూ. దేవుడు ఇంత పనితనం పెట్టి చేసి లోపల ఖాళీగా వదిలేస్తాడా? ఛ, వదిలెయ్యడు. డిసెంబరులో ఒకరోజు వాడి వెనక గిన్నె మూత పడేసింది. గిరుక్కున తిరిగాడు! ఆ సాయంత్రమంతా ఆమె పాడుకుంటూ పిండి పిసికింది. రాత్రి పడుకున్నాక తోచింది, నేల చెక్కపలకలది కదా, పలక అదిరితే వాడి పిర్రలకి తెలిసి ఉంటుందేమో. మర్నాడు వాణ్ని పరుపు మీద కూర్చోబెట్టి వెనక నుంచి చప్పట్లు కొట్టింది. వాడు తిరగలేదు. దుప్పటి కుచ్చు లాగే పనిలో ఉన్నాడు మరి, పనిలో ఉంటే మగవాళ్లకి మనం పిలిచినా వినిపించదు కదా. మళ్లీ కొట్టింది, తిరిగాడు. కానీ అప్పుడు కిటికీ లోంచి పడ్డ ఆమె నీడ గోడ మీద కదిలింది. మొన్న గురువారం గుడి పనివాడు గిలక తిప్పుకుంటూ వాళ్ల పక్కనుంచే పోయాడు, ఎండుకట్టెలు విరిగినట్టు టకటకటక. లివియో ఆమె జాకెట్టు బొత్తాం నోట్లో పెట్టుకుని ఉన్నాడు. తీయలేదు. ఇలా ప్రతిదానికీ ఒక సాకు దొరికేది, సాకు దొరికినందుకు ఆమె బతికిపోయేది. గంటలకి మాత్రం సాకు దొరకదు. గోపురంలో ఐదు గంటలు ఒక్కసారి లేస్తే చౌరస్తాలో గుర్రాలు ముందుకాళ్లు ఎత్తుతాయి, కడుపులో ఉన్న పిల్లలు తంతారు.

ఒక్క చిక్కుంది. తను ఉలిక్కిపడకూడదు. పిల్లాడు చంకలో ఉంటాడు, తన ఒళ్లు అదిరితే వాడి ఒళ్లు అదురుతుంది, అప్పుడు వాడు తిరిగింది గంటకా అమ్మకా అని మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని వారం నుంచి సాధన చేస్తోంది. రాగి పాత్రల కొట్టు ముందు కూరల బుట్టతో నిలబడి, ముసలాయన సుత్తి ఎత్తడం చూడకుండా గోడ వంక తిరిగి, దెబ్బ పడినప్పుడు భుజం కదలకుండా బిగబట్టడం. మొదటిరోజు ప్రతి దెబ్బకీ ఎగిరింది. నాలుగోరోజుకి రెప్ప కూడా వెయ్యలేదు. ఆయన అనుమానంగా బయటికి వచ్చి, "ఏం కావాలమ్మా, రోజూ వచ్చి నిలబడతావు, గిన్నె కొంటావా, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అన్నాడు. మొగుడున్నాడండీ అని నవ్వి వచ్చేసింది. ఆ నవ్వు వీధి మలుపు దాకా కూడా ఉండలేదు.

ఏడోది. ఎండిన ఎముకల లోయ. ఒక్కో ఎముకా వెళ్లి దాని జత ఎముకని వెతుక్కుంటుంది. గుడి లోపల చలి బూట్లలోంచి పైకి పాకుతోంది. మంత్రించిన నిప్పు పొగ ఇంకా స్తంభాల మధ్యే తిరుగుతోంది, బొమ్మలన్నీ ఊదా గుడ్డల కింద ముసుగేసుకుని, మెట్ల కింద సమాధి గదిలో ఊరి పునీతుడు ఎనిమిది వందల ఏళ్లుగా తన పాటికి తాను పడుకుని. ఎదటి స్తంభం దగ్గర జెల్సోమీనా ముసల్ది ఉంది, పుట్టుచెవిటిది, చేతులు రెండూ రాతికి ఆనించి. ఆవిడకి గంట మోగితే తెలుస్తుంది. గోపురానికీ గుడి గోడకీ మధ్య వీధి మీదుగా రాతి తోరణాలున్నాయి, పైన గంట కదిలితే ఆ అదురు తోరణాల గుండా గోడలోకి, గోడలోంచి స్తంభంలోకి దిగుతుంది. ఆవిడ అరచేతులతో వింటుంది. చిన్నప్పుడు డిర్చేకి అదో వింత, తనూ చేతులు పెట్టి చూసేది. ఇప్పుడు ఆవిడ వంక చూడాలంటే భయం. ఆవిడ మెడలో చర్చివాళ్లిచ్చిన పాత శాలువా, ఆవిడ వెనక ఎవరైనా నడిస్తే తెలియక అడ్డం వస్తుంది, సంతలో గాడిదబండి వెనక నుంచి వస్తే జనమే పక్కకి లాగాలి, ఆవిడతో ఎవరూ మాట్లాడరు, ఆవిడ గురించే మాట్లాడతారు, ఆవిడ ఎదుటే. రేపు సంతలో మా వాణ్ని ఎవరు లాగుతారు? నేనున్నన్నాళ్లు నేను లాగుతాను. ఆ తర్వాత? ఆమె పిల్లాడి తల మీద గడ్డం ఆనించింది. పాల వాసన, రొట్టె వాసన. లోపల ఉండి లాభం లేదు. ఇక్కడ రాయి అదురుతుంది, బెంచీ అదురుతుంది, చెవిటివాడికైనా తెలిసిపోతుంది. బయట, చౌరస్తా మధ్యలో, వాడి పాదాలు నేల తాకకుండా చంకలో ఎత్తుకుని ఉండాలి.

పునీతుల పేర్లు మొదలవగానే లేచింది. అర్జియా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికే? గ్లోరియా ముందు ఎవరైనా లేచిపోతారా?"

"నడిపించడానికి చోటు కావాలి కదా అత్తయ్యా. ఇక్కడ ఈ తొక్కిసలాటలో ఎక్కడ నిలబెడతాం?"

అర్జియాకి అది నచ్చింది. వినిపించిందో లేదో గాని, నడక అన్నది పెదవుల మీద చదువుకుని ఉంటుంది. అడ్డం వచ్చినవాళ్లందరినీ మోచేత్తో పొడుచుకుంటూ ముందు నడిచింది.

బయట ఎండ కళ్లలో గుచ్చుకుంది. గుడి పక్క గుమ్మం దగ్గర ఎర్రరాతి సింహాలు రెండూ ఎప్పటిలాగే పిల్లల పిర్రలకి అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. అప్పటికే యాభైమంది ఆడవాళ్లు చేరారు, చేతుల్లో చెంబులు, సీసాలు, ఒకావిడ అయితే బట్టలుతికే బేసిను మోసుకొచ్చింది. గంట మోగగానే కళ్లు కడుక్కోవాలి, ఏడాదంతా కళ్లజబ్బు రాదు. ఉడకబెట్టిన గుడ్ల బుట్టలు, తలలకి కొత్త రుమాళ్లు, చంకల్లో పిల్లలు. అర్జియా చోటు చూసి, జనాన్ని జరిపి, వంగి తన చేతి రుమాలుతో నేల తుడిచింది, అక్కడే మనవడు చరిత్ర సృష్టించబోతున్నట్టు. డిర్చే తల ఎత్తి గోపురాన్ని చూసింది. గుడి భుజం మీదుగా తెల్లగా, సూటిగా, చూస్తే మెడ విరిగేటంత. ఇక్కడ నుంచి చూస్తే అది కాస్త వాలి గుడి మీదికి వంగినట్టుంటుంది, ఏదో చెప్పడానికి వంగినట్టు. పైన కిటికీల్లో చీకటి. ఆ చీకట్లో ఎర్మెస్ ఉన్నాడు. దూలం మీద ఒక కాలు, గోడలో గూటికి ఇంకో కాలు, పెద్దగంట అంచు మీద చెయ్యి. మొన్న మంగళవారం అన్నం తింటూ ఉన్నట్టుండి, "ఈసారి పెద్దగంట నాకే ఇమ్మన్నాను" అన్నాడు. ఎందుకు అంది. ఊరికే అన్నాడు. పెద్దగంట పక్క నిలబడటమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. మామూలుగా అయితే ఆ భయమే ఆమెకి సరిపోయేది, ఇవాళ దాన్ని పెట్టుకోవడానికి లోపల చోటు లేదు.

తప్పు తనదేనేమో. ఈ ఆలోచన ఎప్పుడూ చివర్లోనే వస్తుంది, వచ్చాక పోదు. ఎనిమిదో నెలలో, జనవరిలో, ఊరి పునీతుడి పండగనాడు, ఎర్మెస్ మఫ్లరు మర్చిపోయి వెళ్లాడని అంత పొట్టతో ఆ మెట్లన్నీ ఎక్కింది. కడుపుతో ఉన్నది గంట కిందికి పోకూడదే అని అర్జియా వారం ముందే చెప్పింది. అవన్నీ ముసలమ్మల మాటలనుకుంది. కాపలాదార్ల గది దాకా ఎక్కి, ఊపిరి తీసుకుని, పై నిచ్చెన మొదట్లో నిలబడి ఉండగా కొట్టేశారు. ఆ చప్పుడు చెవిలోకి రాలేదు, నేరుగా ఎముకల్లోకి వచ్చింది. అప్పుడు కడుపులో వీడు ఎగిరాడు. తన్నడం కాదు, మొత్తం మనిషి ఎగిరి పక్కకి తిరిగిపోయాడు, పొట్ట ఒకవైపు కొండలా లేచి నిలబడింది. ఆమె గోడ పట్టుకుని నవ్వింది, ఒరే గంటలోడి కొడకా అంది. అంటే అప్పుడు విన్నాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఖాయంగా విన్నాడు. లేక ఆ ఒక్కసారికే ఆ లేత చెవులు పగిలాయా? జ్వరం కాదు, మందు కాదు, మఫ్లరా? ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే కాదమ్మా అంటారు, అది నమ్మబుద్ధి కాదు. ఔనంటే ఎలా బతకాలో తెలియదు.

సరిగ్గా అప్పుడు మోగింది. సన్నగా, దూరంగా, ఊరి బయట ఏదో చిన్న గుడి గంట, టింగ్ టింగ్ మని. చౌరస్తాలో అందరూ ఒక్క క్షణం బిగుసుకుని, ఆ వెంటనే నవ్వులు. పెద్ద గుడి గంట మోగనిదే ఊళ్లో ఏ గుడీ మోగించకూడదు, అది మర్యాద.

"ఆ ఫాదర్‌గారికి ఆకలి ఆగలేదే పాపం!"

"సాసేజీ పొయ్యి మీద మాడిపోతోందేమో, ఆయన్నెందుకు అంటారు?"

ఎవరో కళ్లు కడిగేసుకుని, ఇది లెక్కలోకి రాదా అయితే అని గగ్గోలు. డిర్చేకి ఇవేవీ పట్టలేదు. లివియో తల తిప్పాడు. ఆ గంట వినిపించినవైపే, మెడ సాచి, కళ్లు విప్పార్చి తిప్పాడు. విన్నాడు! ఇంత చిన్న చప్పుడు, అంత దూరం నుంచి! ఒసే పిచ్చిదానా, ఐదు నెలలు ఏడ్చావు కదే, ఏడ్చి ఏడ్చి పాలు ఎండగొట్టుకున్నావు కదే, అని తనని తాను తిట్టుకుంటూ, వాడి బుగ్గ మీద ముద్దు పెట్టబోతూ వాడు చూసేవైపు చూసింది. వీధి మొదట్లో ఒకడు ఈస్టరు కోసం బెలూన్లు అమ్ముకుంటూ వస్తున్నాడు. ఎర్రవి, పసుపువి, గాలికి ఒకదానికొకటి రాసుకుంటూ. లివియో చెయ్యి చాచి అటే చూపిస్తున్నాడు. ఆమె ముద్దు పెట్టలేదు. ఆ బెలూన్లవాణ్ని ఏ జన్మలోనూ క్షమించకూడదనుకుంది.

ఇక ఎంతసేపో లేదు. లోపల పాట మారింది. గుమ్మం తెరిచి ఉంది కాబట్టి మూలుగులాంటి ఆ పేర్ల వరస ఆగిపోయి, మెట్లెక్కుతున్నట్టున్న ఇంకో పాట వస్తోంది. ఆడవాళ్లు మాటలు మానేశారు. చెంబుల్లో నీళ్లు కదలడం కూడా మానేశాయి. అర్జియా మనవడి కాళ్లకి బూట్లు తొడిగి తాళ్లు బిగించి, ఇటివ్వు అని చేతులు చాచింది. ఒక్క నిమిషం అత్తయ్యా, మొదటి గంట మోగాక ఇస్తాను, అని డిర్చే రెండడుగులు వెనక్కి వేసింది. పిల్లాణ్ని ముందుకి తిప్పి, మొహం కనిపించేలా పక్కగా పెట్టుకుంది. బెలూన్లు పోయాయి. వాడి ఎదురుగా ఏమీ లేదు, ఒట్టి చౌరస్తా, నిలబడ్డ జనం. గాలి లేదు. నీడలు కదలడం లేదు. పారిపోదాం అనిపించింది. ఇప్పుడే వీణ్ని తీసుకుని ఆ సందులోంచి పరుగెత్తి, ఇంటికి పోయి తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుంటే ఇంకో ఏడాది గడుస్తుంది. తెలియకుండా ఉండటం కూడా ఒక బతుకే కదా. అంతమంది అలా బతకడం లేదా? కాళ్లు నిజంగానే కదలబోయాయి. అప్పుడు గుడి వెనక మెట్ల మీద నుంచి పనివాడు గోపురం వైపు తెల్లగుడ్డ ఊపాడు. అది పైవాళ్లకి సైగ. ఆమె దవడలు బిగించింది. రాగిముసలాయన సుత్తిని తలుచుకుంది. మరియమ్మా, అంది. ఏం అడగాలో మాత్రం తోచలేదు.

పెద్దగంట మోగింది.

ఆకాశం ఒక్కసారి కిందికి దిగినట్టయింది. ఆమె కదల్లేదు. భుజం కదల్లేదు, రెప్ప కదల్లేదు, కళ్లు వాడి మొహం మీదే ఉన్నాయి. ఆ మొహంలో ఏమీ జరగలేదు. రొట్టె అంచు నోట్లోనే ఉంది, దవడ మెల్లగా ఆడుతూనే ఉంది. రెండో గంట, మూడోది, నాలుగోది, అన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కి దొర్లుతున్నాయి, ఊళ్లో మిగతా గుళ్లన్నీ అందుకున్నాయి, పావురాలు గుంపంతా లేచింది. వాడి వేలు ఆమె జుట్టు కొసని మెలిపెడుతోంది, అదే వేగంతో, ఇంతకు ముందులాగే. అంతలో చౌరస్తాలో జనమంతా ఒక్కసారి మోకాళ్ల మీద పడ్డారు. అప్పుడు చూశాడు వాడు. అంతమంది పెద్దవాళ్లు, ఏ కారణమూ లేకుండా, ఎవరూ తోయకుండా, దభాలున కింద పడి మొహాల మీద నీళ్లు చల్లుకుంటున్నారు. లివియో కళ్లు గుండ్రంగా అయ్యాయి. నోట్లోంచి రొట్టె తీశాడు. కిలకిలమని నవ్వాడు.

ఆ నవ్వుతో ఆమెకి తెలిసిపోయింది. ఇక సాకు లేదు. అర్జియా ఆమె చేతుల్లోంచి వాణ్ని లాక్కుని నేల మీద నిలబెట్టి వెనక్కి జరిగి, రారా, రారా నా బిషప్పూ అని చప్పట్లు కొట్టింది. వాడు ఊగాడు. ఆవిడ నోటి వంక, చేతుల వంక చూస్తూ ఒక అడుగు వేశాడు. ఇంకోటి. మూడోది వేస్తూ కూలబడ్డాడు. ఆడవాళ్లంతా కేకలు పెట్టారు, ఎవరో ముద్దులు పెట్టారు, ఎవరో గుడ్డు చేతిలో పెట్టారు. అర్జియా ఏడుస్తోంది, కళ్లు కడుక్కోవడం మర్చిపోయి సీసాలో నీళ్లు జాకెట్టు మీద ఒలకబోసుకుని ఏడుస్తోంది. డిర్చే నిలబడే ఉంది. ఈ పూట ఊరు మొత్తానికి సంతోషంగా ఉంది, తన బిడ్డ నడిచాడు, తనకి మాత్రం నేల మీద పడి అరవాలని ఉంది. కొడుకు నడిచినందుకు సంతోషపడలేకపోయానన్నది ఇంకో పాపం. ఏ ఫాదర్‌కి చెప్పుకోవాలి దీన్ని?

గంటలు ఆగిన చాలాసేపటికి ఎర్మెస్ వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి, జుట్టు నిండా పావురాల దుమ్ముతో. గంటలు కొట్టి దిగాక ఒక అరగంట వాడికి ఏమీ వినిపించదు. "నడిచాడురా! మూడడుగులు! అందరూ చూశారు!" అని అర్జియా వాడి భుజాలు పట్టి ఊపింది. వాడు తలాడించాడు. చూపు మాత్రం పెళ్లాం మీదే ఉంది. దగ్గరికి వచ్చాడు. తన గొంతు ఎంత గట్టిగా ఉందో తెలియని మనిషి అడిగినట్టు, చౌరస్తా అంతా తిరిగి చూసేలా అడిగాడు.

"విన్నాడా?"

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొగుడి కళ్లలోకి చూసింది. లేదని తల అడ్డంగా ఊపింది, ఒక్కసారే.

ఎర్మెస్ నేల మీద కూర్చున్నాడు. పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకున్నాడు. "అందుకే పెద్దగంట అడిగి తీసుకున్నానే. ఇవాళ ఊరి కోసం కొట్టలేదు, వీడి కోసం కొట్టాను. ఒంట్లో ఉన్నదంతా పెట్టి కొట్టాను."

"ఎప్పట్నించి తెలుసు నీకు?" ఆమె గొంతు పైకి రాలేదు. వాడు పెదవులు చూసి జవాబిచ్చాడు.

"క్రిస్మస్ నించి. వీడు నా నోటి వంక చూస్తాడే. నేను నీ నోటి వంక చూసినట్టే చూస్తాడు. ఆ చూపు నాకు తెలీదా?"

నాలుగు నెలలు. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద, ఇద్దరూ ఒకే భయాన్ని చెరో పక్కా దాచుకుని పడుకున్నారు. ఆమెకి మొగుణ్ని కొట్టాలనిపించింది, అతని మీదే పడి ఏడవాలనిపించింది. భయం పోలేదు. ఇన్నాళ్లూ తెలుసుకోవడానికి భయపడింది, ఇప్పుడు గుర్రపుబండ్లకి భయం, బడికి భయం, తను పోయిన తర్వాతి రోజుకి భయం. కానీ పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, అదే భయంతో.

"ఏంటే మీ గోల?" అర్జియా ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఆవిడ మొహం మీద సంతోషం ఇంకా తడిగానే ఉంది. "పండగపూట ఆ మొహాలేంటి? ఏం వినడం? ఎవడు విన్నాడు?"

"లివియోకి..." అంది డిర్చే. మిగతాది గొంతులో గుసగుసలా వచ్చింది.

"ఆఁ?" అర్జియా చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగింది.

జాలీ అవతలి ఫాదర్‌కి కూడా చెప్పలేకపోయిన మాట. చుట్టూ ఊళ్లోవాళ్లు, చేతుల్లో ఖాళీ చెంబులతో, చెవులు రిక్కించి. గుసగుసగా చెబితే ఆ ముసలావిడకి ఈ జన్మకి చేరదు. డిర్చే ఊపిరి నిండా తీసుకుంది.

"లివియోకి వినపడదు అత్తయ్యా!"

అంత గట్టిగా ఆమె తన జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. సింహాల మీది పిల్లలు కూడా ఆట ఆపి ఇటు తిరిగారు. తండ్రి ఒళ్లో కూర్చున్న లివియో రొట్టె పక్కన పెట్టి, కళ్లార్పకుండా అమ్మ నోటి వంకే చూస్తున్నాడు.